బరువు దిగాక మిగిలే చర్మం ఎవరి ఖాతాలోకి?

వంద కిలోల మనిషి అరవై కిలోలకు దిగితే ఒంట్లోంచి నలభై కిలోలు పోతాయి. చర్మం మాత్రం వంద కిలోల మనిషిదే మిగులుతుంది. పొట్ట కింద మడతపడి తొడల మీదికి జారుతుంది. చేతులు పైకెత్తితే జబ్బల కింద వేలాడుతుంది. రొమ్ములు, పిరుదులు, తొడల లోపలి వైపు అన్నీ వదులవుతాయి. బరువు తగ్గే ఆపరేషన్‌కు ముందు షుగరు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, నిద్రలో ఊపిరి ఆగిపోవడం గురించి వివరంగా మాట్లాడే చోట కూడా చాలాసార్లు ఈ సంగతి ఒక్క మాటతో ముగిసిపోతుంది. చర్మం కాస్త వదులవుతుంది, అది తర్వాత చూసుకోవచ్చు అంటారు. తీరా ఆ 'తర్వాత' వచ్చేసరికి చూసుకోవాల్సింది ఎవరన్నది తేలదు. అందం కోసం చేయించుకునే ఆపరేషన్‌కు డబ్బు రాదని బీమా కంపెనీ చెబుతుంది. ఆ మనిషికి మాత్రం పొట్ట మడత కింద మానని పుండు ఉంటుంది.

మిగిలిపోయిన చర్మాన్ని తీయడం ఊబకాయం వైద్యంలో చివరి భాగమా, లేక దానితో సంబంధం లేని వేరే కోరికా? ఈ ప్రశ్నకు ఒక్కో దేశపు ఆరోగ్య వ్యవస్థ ఒక్కో జవాబు చెప్పింది. 2023లో బ్రెజిల్ న్యాయస్థానం చెప్పిన జవాబు నాకు తెలిసినవాటిలో అన్నిటికన్నా సూటిగా ఉంది. అక్కడికి వెళ్ళే ముందు, ఈ చర్మం మళ్ళీ ఎందుకు బిగుసుకోదో తెలుసుకోవాలి. వ్యాయామం చేస్తే, నూనె రాస్తే, కొన్నాళ్ళు ఓపిక పడితే అదే లోపలికి పోతుందన్న నమ్మకం చాలా గట్టిది. రోగులు, ఇంట్లోవాళ్ళే కాదు, డబ్బు మంజూరు చేసేవాళ్ళలోనూ ఆ నమ్మకం ఉన్నవాళ్ళున్నారు.

పెద్దవాళ్ళ ఒంటిమీది చర్మమంతా పరిస్తే ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు వస్తుంది. దాని బలం లోపలి పొరలో, డెర్మిస్‌లో ఉంది. అక్కడ రెండు రకాల పోగులు అల్లుకుని ఉంటాయి. కొల్లాజెన్ పోగులు గట్టివి, ఎంత లాగినా తెగకుండా పట్టి ఉంచుతాయి. నీరు తీసేసి తూచితే డెర్మిస్‌లో ముప్పాతిక వంతు దాకా అవే. ఎలాస్టిన్ పోగులు నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళకు మించవు. కానీ గిల్లి వదిలిన చర్మం తిరిగి తన చోటికి వెళ్ళేది వాటి వల్లే. ఈ ఎలాస్టిన్‌ను శరీరం దాదాపుగా తల్లి కడుపులో ఉన్నప్పుడూ పుట్టిన తొలి ఏళ్ళలోనూ తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత తయారీ ఇంచుమించు ఆగిపోతుంది. ఒకసారి తయారైన పోగులు దశాబ్దాల పాటు ఉంటాయి కాబట్టి మామూలు బతుకులో ఆ లోటు తెలియదు. తెగినవాటి బదులు మాత్రం సరైన అల్లికతో కొత్తవి రావు.

అసలు విషయం ఇంకొకటి ఉంది. ఏళ్ళ తరబడి లాగుడుకు గురైన చర్మం సాగడమే కాదు, నిజంగానే పెరుగుతుంది. ప్లాస్టిక్ సర్జన్లు ఈ గుణాన్ని పనిలో పెట్టుకుని చాలా కాలమైంది. 1957లో చార్లెస్ న్యూమన్ అనే అమెరికన్ వైద్యుడు, చెవి పోయిన చోట చర్మం కింద చిన్న రబ్బరు బుడగ పెట్టి, దాన్ని కొద్దికొద్దిగా ఉబ్బిస్తూ చెవిని కప్పడానికి కావలసినంత చర్మం పెంచాడు. ఇప్పుడు కాలిన గాయాల మచ్చలు తీసేటప్పుడు పక్కనున్న మంచి చర్మాన్ని పెంచడానికి వాడే పద్ధతి అదే. చర్మకణాలు లాగుడును పసిగట్టి విభజన చెందుతాయి, కొత్త చర్మం పుడుతుంది. ఊబకాయంలో జరిగేదీ ఇదే. బిగుతైన జాకెట్టుకు పక్కల గుడ్డ అతికి వెడల్పు చేయించుకున్నాక మనిషి సన్నబడితే ఆ అతికిన గుడ్డ ఎక్కడికీ పోదు కదా, చర్మం సంగతీ అంతే. లోపల పెరిగిన కొవ్వు కణాలు ఆకలికి చిక్కిపోతాయి. బయట పెరిగిన చర్మాన్ని కుదించే యంత్రాంగం శరీరంలో లేదు.

భారీగా బరువు తగ్గినవాళ్ళ చర్మపు ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూసిన పరిశోధకులకు కొల్లాజెన్ పోగులు పలచబడి, క్రమం తప్పి కనిపించాయి. ఎలాస్టిన్ పోగులు ముక్కలై కనిపించాయి. ఎవరికి ఎంత వదులవుతుందన్నది వయసును బట్టి, ఎన్ని కిలోలు తగ్గారన్నదాన్ని బట్టి, ఎన్నేళ్ళు ఆ బరువు మోశారన్నదాన్ని బట్టి మారుతుంది. పొగతాగడం, ఎండ, కాన్పులు కూడా లెక్కలోకి వస్తాయి. ఇరవై ఏళ్ళ కుర్రవాడు పది కిలోలు తగ్గితే చర్మం చాలావరకు సర్దుకుంటుంది. నలభై అయిదేళ్ళ మనిషి యాభై కిలోలు తగ్గితే సర్దుకోదు. బరువులెత్తి కండ పెంచుకుంటే చేతుల దగ్గర, తొడల దగ్గర కొంత నిండుదనం వస్తుంది. పొట్ట కింద వేలాడే మడతను ఏ వ్యాయామమూ ఎత్తలేదు. బజారులో అమ్మే బిగుతు క్రీములకు ఆ శక్తి అసలే లేదు.

మడత అంటే చర్మానికి చర్మం ఆనుకుని ఉన్న చోటు. అక్కడ గాలి ఆడదు, చెమట ఆరదు, అడుగు వేసినప్పుడల్లా రెండు వైపులా ఒరుసుకుంటాయి. తడి, వేడి, ఒరిపిడి కలిసినచోట చర్మపు పైపొర నానిపోయి చిట్లుతుంది. మన ఒంటిమీదే ఉండే క్యాండిడా అనే శిలీంధ్రానికి, స్టెఫిలోకోకస్ లాంటి బ్యాక్టీరియాలకు అది మంచి నివాసం. ముందు ఎర్రబడుతుంది, తర్వాత దురద, మంట, వాసన, ఆ తర్వాత పుండు. వైద్యులు దీన్ని ఇంటర్‌ట్రైగో అంటారు. షుగరు ఉన్నవాళ్ళలో ఇది తొందరగా వస్తుంది, తొందరగా మానదు. ఒక్కోసారి లోతుకు దిగి చర్మం కింది కణజాలమంతా వాచిపోయి ఆస్పత్రిలో చేరాల్సి వస్తుంది. క్రీముతో తగ్గినా మడత అక్కడే ఉంటుంది కాబట్టి నెలలోనే మళ్ళీ మొదలవుతుంది.

మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఈ బాధ ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకు వివరించి చెప్పక్కర్లేదు. లంగా బొందు సరిగ్గా మడత మీదే బిగుస్తుంది. ప్యాంటు వేసుకోవాలంటే వేలాడే పొట్టను చేత్తో ఎత్తి లోపలికి తోయాలి. స్నానం చేశాక మడత లోపల పూర్తిగా తుడుచుకోవడానికే చాలామందికి రెండో మనిషి సాయం కావాలి, ఆ సాయం అడగడానికి మనసొప్పదు. మందుల షాపుకెళ్ళి దురదకు ఏదైనా ఇమ్మంటే స్టెరాయిడ్ కలిసిన క్రీము చేతిలో పెడతారు. అది రెండు రోజులు హాయిగా అనిపించి, వాడేకొద్దీ ఉన్న చర్మాన్ని మరింత పలచన చేస్తుంది, శిలీంధ్రాన్ని మరింత మొండిగా చేస్తుంది. మన దేశంలో చర్మవైద్యులు ఏళ్ళుగా మొత్తుకుంటున్న సంగతి ఇది. మడతల్లో పుండు ఉన్నవాళ్ళు ఆ క్రీముల జోలికి పోవద్దని ఈ వ్యాసం ముఖంగా నేనూ వేడుకుంటున్నాను.

నడక సంగతి కూడా చెప్పుకోవాలి. బరువు తగ్గినవాళ్ళకు రోజూ నడవమని చెబుతాం. తొడల లోపలి చర్మం ఒరుసుకుని రక్తం కారేవాళ్ళకు, పొట్ట మడత తొడలకు కొట్టుకునేవాళ్ళకు ఆ సలహా పాటించడం ఎంత కష్టమో ఆలోచించాలి. ఇన్నాళ్ళు కష్టపడి దించుకున్న బరువును నిలబెట్టుకోవడానికి కావలసిన పనికే చర్మం అడ్డం పడుతుంది. మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా అద్దం ముందు నిలబడలేకపోవడం, భార్యాభర్తల దగ్గరతనం తగ్గిపోవడం కూడా నిజమైన బాధలే. అవి చెప్పుకుంటే ఇదంతా అందం గోలే అని కొట్టేస్తారన్న భయంతో చాలామంది పుండు గురించే చెబుతారు, మిగతాది మింగేస్తారు.

దీనికి ఆపరేషన్ కొత్తదేమీ కాదు. 1899లోనే అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రి స్త్రీవైద్య నిపుణుడు హోవర్డ్ కెల్లీ ఒక రోగి పొట్ట మీది నుంచి ఏడు కిలోలకు పైగా చర్మాన్నీ కొవ్వునూ కోసి తీశాడు. ఇవాళ ఇందులో రెండు తీరులున్నాయి. వేలాడే మడతను మాత్రమే కోసి తీస్తే ప్యానిక్యులెక్టమీ. దాంతోపాటు లోపల విడిపోయిన పొట్ట కండరాలను కలిపి కుట్టి, బొడ్డును కొత్త చోట అమర్చితే అబ్డామినోప్లాస్టీ. రెండో దానికి స్థిరమైన పద్ధతి ఏర్పరిచినవాళ్ళలో ముఖ్యుడు బ్రెజిల్ సర్జన్ ఈవో పిటాంగి. 1967లో ఆయన 300 మందికి చేసిన ఆపరేషన్ల అనుభవాన్ని ప్రచురించాడు.

చేయించుకోవడం మాత్రం చిన్న విషయం కాదు. ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా కోత పడుతుంది, మచ్చ జీవితాంతం ఉంటుంది. కోత కింద నీరు చేరడం, కుట్లు విడిపోవడం, చీము పట్టడం భారీగా బరువు తగ్గినవాళ్ళలో మామూలు పొట్ట ఆపరేషన్లలోకన్నా ఎక్కువ. కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. జీర్ణాశయం చిన్నది చేయించుకున్నవాళ్ళలో ప్రొటీను, ఐరన్, విటమిన్లు తక్కువగా ఉంటాయి, అవి సరిచేయకుండా కోస్తే గాయం మానదు. పొగతాగేవాళ్ళకు చర్మపు అంచులు నల్లబడి చచ్చిపోతాయి. అందుకే బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత కనీసం ఏడాది, ఏడాదిన్నర ఆగి, బరువు ఒకచోట నిలబడ్డాకే సర్జన్లు ఇందుకు ఒప్పుకుంటారు. ఇంత ప్రమాదం తెలిసీ రోగులు సిద్ధపడుతున్నారంటే వాళ్ళు మోస్తున్నది ఎంతటి బాధో అర్థం చేసుకోవచ్చు.

ఇక బ్రెజిల్ సంగతి. ఆరోగ్యం ప్రతి ఒక్కరి హక్కు, దాన్ని సమకూర్చడం రాజ్యం బాధ్యత అని 1988 నాటి ఆ దేశ రాజ్యాంగం 196వ అధికరణంలో రాసుకుంది. దాని ఆధారంగా పుట్టిన ప్రజారోగ్య వ్యవస్థను అక్కడివాళ్ళు 'సుస్' అంటారు. ఎవరికైనా ఉచితం. ప్లాస్టిక్ సర్జరీ పేదవాళ్ళకు అక్కర్లేదన్న భావన ఆ దేశంలో బలంగా నాటుకోకపోవడానికి పిటాంగి లాంటివాళ్ళు ఒక కారణం. రియో దగ్గరి నితెరోయ్‌లో 1961 డిసెంబరులో సర్కస్ డేరా తగలబడి వందలమంది చనిపోయినప్పుడు కాలినవాళ్ళకు వైద్యం చేసిన సర్జన్లలో ఆయన ఉన్నాడు. ఆ తర్వాత రియోలోని శాంతా కాసా ధర్మాసుపత్రిలో దశాబ్దాల పాటు పేదలకోసం వార్డు నడిపాడు. 2013లో ఊబకాయం వైద్యానికి ఆ దేశ ఆరోగ్య శాఖ కొత్త నిబంధనలు తెచ్చినప్పుడు, బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత అవసరమయ్యే చర్మం ఆపరేషన్లను కూడా అందులోనే చేర్చింది. పొట్ట ఒక్కటే కాదు, చేతులు, తొడలు, రొమ్ములు కూడా. వరుసలో ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు, ఆ లోపం ఉంది. కానీ సూత్రం మాత్రం కాగితం మీద స్పష్టంగా ఉంది.

బ్రెజిల్ జనాభాలో సుమారు పావువంతు మందికి ప్రైవేటు ఆరోగ్య బీమా ఉంది. చిక్కంతా అక్కడ వచ్చింది. 1998 నాటి బీమా చట్టం అందం కోసం చేసే చికిత్సలను మినహాయించవచ్చంది. ఊబకాయానికి ఆపరేషన్ చేయించిన కంపెనీలే, చర్మం దగ్గరికి వచ్చేసరికి ఆ మినహాయింపు చూపించాయి. నియంత్రణ సంస్థ తప్పనిసరి జాబితాలో పొట్ట చర్మం ఆపరేషన్ ఉంది కాబట్టి అది ఒక్కటే ఇస్తాం, తొడలు, చేతులు, రొమ్ములు మా పని కాదన్నాయి. కేసులు దేశమంతా కోర్టుల్లో పేరుకుపోయాయి. చివరికి రాజ్యాంగంతో ముడిపడని వ్యవహారాల్లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన సుపీరియర్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ వాటన్నిటికీ వర్తించే తీర్పు 2023 సెప్టెంబరులో ఇచ్చింది. బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత, చూస్తున్న వైద్యుడు సరిచేసే స్వభావం గల ప్లాస్టిక్ సర్జరీ అవసరమని రాస్తే బీమా సంస్థ దాన్ని భరించి తీరాలంది. కారణం కూడా చెప్పింది. తీవ్ర ఊబకాయానికి చేసే వైద్యం నుంచే ఈ అవసరం పుట్టింది కాబట్టి, ఇది ఆ వైద్యంలో భాగమే.

తీర్పులో రెండో సగం నాకు ఇంకా నచ్చింది. ఫలానా ఆపరేషన్ కేవలం అందం కోసమే అడుగుతున్నారని కంపెనీకి సహేతుకమైన అనుమానం వస్తే ఏం చేయాలి? వైద్యుల బోర్డును పిలిపించి తేల్చుకోవచ్చు, ఆ వైద్యుల ఫీజు కంపెనీయే కట్టాలి. బోర్డు కాదన్నా రోగి కోర్టుకెళ్ళే హక్కు పోదు. అనుమానించే హక్కును కోర్టు తీసేయలేదు, ఆ అనుమానాన్ని రుజువు చేసే ఖర్చును మాత్రం అనుమానించినవాళ్ళ మీదే పెట్టింది. మన దగ్గర ఇది తలకిందులుగా ఉంది. రుజువు చేసుకోవాల్సినవాళ్ళు ఎప్పుడూ రోగులే.

ఆస్ట్రేలియా దారి వేరు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2016 జనవరి నుంచి కొలతలతో కూడిన నిబంధన పెట్టింది. మెడికేర్ చికిత్సల జాబితాలో 30177 నంబరు గల ఆ అంశం వర్ణనలో 'పిటాంగి తరహా' అబ్డామినోప్లాస్టీ అన్న మాట అలాగే ఉంది. మడతలో ఒరుపు పుండు లాంటి చర్మవ్యాధి ఉండి, 3 నెలల మామూలు వైద్యానికి లొంగకపోవాలి. ఆ చర్మం రోజువారీ పనులకు అడ్డుపడుతుండాలి. బరువు తగ్గాక కనీసం 6 నెలలు నిలకడగా ఉండాలి. భారీగా తగ్గడమంటే, ఎత్తుతో పోల్చి బరువును కొలిచే బీఎంఐ కనీసం 5 పాయింట్లు దిగడం. అయిదడుగుల మూడంగుళాల మనిషికి అది సుమారు 13 కిలోలు. ఈ షరతుల్లో ఒక మంచి ఉంది. బరువు ఎలా తగ్గావని అవి అడగవు. ఆపరేషన్‌తోనైనా, మందులతోనైనా, నోరు కట్టుకునైనా ఒకటే. మెడికేర్ తిరిగి ఇచ్చేది నిర్ణయించిన ఫీజులో 75 శాతం కాగా, ప్రైవేటు సర్జన్ల బిల్లు దానికన్నా చాలా ఎక్కువ. అందువల్ల మిగతాది జేబులోంచి పెట్టుకోగలిగినవాళ్ళకే అది పూర్తిగా అందుతుందన్నది కూడా నిజం.

అదే 2016 మార్పు కాన్పుల వల్ల పొట్ట కండరాలు విడిపోయిన స్త్రీలను బయటికి నెట్టేసింది. వాళ్ళది అందం కోరిక అనుకున్నారు. తర్వాత 2018లో అక్కడి 9 కేంద్రాల్లో 214 మంది స్త్రీలను పరిశీలించిన అధ్యయనం వచ్చింది. అబ్డామినోప్లాస్టీ తర్వాత నడుం నొప్పీ, దగ్గితే తుమ్మితే మూత్రం పడే బాధా గణనీయంగా తగ్గాయని అందులో తేలింది. 2022 జులైలో వాళ్ళకోసం కొత్త అంశం చేర్చారు. ఆరున్నరేళ్ళు పట్టింది. అందానికీ ఆరోగ్యానికీ మధ్య గీత గీసేవాళ్ళు, ఆ గీతకు అవతల ఉన్నవాళ్ళ ఒంట్లో ఏం జరుగుతోందో కొలిచి చూడకముందే గీస్తున్నారనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మిగతాచోట్ల ఆ గీతను ఏకంగా టేపు పెట్టి గీస్తున్నారు. ఫ్రాన్స్‌లో డబ్బు రావాలంటే వేలాడే పొట్ట మర్మస్థానం పైభాగాన్ని కొంతైనా కప్పాలి, ముందస్తు అనుమతి ఉండాలి. నెదర్లాండ్స్‌లో తొడ పొడవులో కనీసం పావువంతు కప్పితే అది శరీర పనితీరుకు లోపమే. అది లేకపోతే మానని ఒరుపు పుండైనా ఉండాలి, లేదా పిట్స్‌బర్గ్ సర్జన్లు 2005లో తయారుచేసిన సున్నా నుంచి మూడు దాకా ఉండే స్కేలు మీద మూడైనా రావాలి. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 2020 జులై నుంచి ఆస్పత్రి అవుట్‌పేషెంట్ విభాగంలో చేసే ప్యానిక్యులెక్టమీకి ముందుగా అనుమతి తీసుకోవాలంది. అక్కడ మడత తీసే ఆపరేషన్‌కు ఒక కోడ్, కండరాలు కుట్టి బొడ్డు అమర్చే భాగానికి వేరే కోడ్. మొదటిదానికి డబ్బు రావచ్చు, రెండోది అందం పద్దు. ఒకే కోత, ఒకే మత్తు, ఒకే బల్ల.

టేపు కొలతకు ఒక సుగుణం ఉంది, అందరికీ ఒకేలా ఉంటుంది. కానీ జబ్బు మడత పొడవులో లేదు, మడత లోపల ఉంది. చల్లటి దేశంలో పొడవాటి మడత పొడిగా ఉండవచ్చు. కాకినాడలో ఉక్కపోత రోజుల్లో నాలుగు అంగుళాల మడత కూడా పుండు పడుతుంది. అందుకే కొలతల్లో ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, పొడవును కాక మానని పుండునూ ఆగిపోయిన పనులనూ కొలిచే ఆస్ట్రేలియా పద్ధతివైపే నేను మొగ్గుతాను.

డబ్బు ఇచ్చేది లేదనేవాళ్ళ వాదననూ తేలిగ్గా తీసేయకూడదు. ప్రభుత్వాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జన్ ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళ బల్ల మీదికి కాలినవాళ్ళు, రోడ్డు ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ళు, గ్రహణం మొర్రి పిల్లలు వస్తుంటారు. నాలుగైదు గంటలు పట్టే చర్మం ఆపరేషన్‌కు వాళ్ళను ఆపాలా అన్నది నిజమైన ప్రశ్న. ఒకరికి ఇస్తే అందరూ వస్తారన్న భయమూ ఉంది. మొదటిదానికి జవాబు వరుసలో ముందూ వెనకా నిర్ణయించడం. మానని పుండున్నవాళ్ళు ముందు, మిగతావాళ్ళు తర్వాత. అసలు వరుసలోనే చోటులేదనడం జవాబు కాదు. రెండోదానికి ఆపరేషన్ తీవ్రతే అడ్డుకట్ట. ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా కోయించుకోవడానికి సరదాపడి వచ్చేవాళ్ళు ఎందరుంటారు?

ఖర్చు లెక్క వేసేవాళ్ళు చూడాల్సిన ఇంకో అంశం ఉంది. జెనీవా సర్జన్లు 2013లో ప్రచురించిన పరిశీలనలో, బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత చర్మం కూడా తీయించుకున్నవాళ్ళు, తీయించుకోనివాళ్ళకన్నా మెరుగ్గా ఏళ్ళ తరబడి బరువు నిలుపుకున్నారు. ఇది రుజువు కాదని గుర్తుంచుకోవాలి. బరువు నిలుపుకునే పట్టుదల ఉన్నవాళ్ళే ఆపరేషన్‌కు ముందుకొచ్చి ఉండవచ్చు. అయినా నడవగలిగిన మనిషి బరువు నిలుపుకోవడం తేలికన్నది నమ్మలేని మాటేమీ కాదు.

మన దగ్గరికి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం స్త్రీలు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. దేశం సగటు 24. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో ఆరోగ్య పాలసీల మినహాయింపుల భాషను అన్ని కంపెనీలకూ ఒకటే చేసింది. వాటిలో ఆరో నంబరు ఊబకాయం గురించి. బీఎంఐ 40 ఉంటే, లేదా 35 ఉండి గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులోకి రాని షుగరు లాంటివి ఉంటే, ఇతర పద్ధతులు విఫలమయ్యాక డాక్టరు సలహాపై చేసే ఆపరేషన్‌ను మినహాయించరాదని అర్థం. ఎనిమిదో నంబరు ప్లాస్టిక్ సర్జరీ గురించి. రూపం మార్చే ఏ చికిత్సకూ డబ్బివ్వరు, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత పునర్నిర్మాణమైతే తప్ప. లేదా ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణమైన ముప్పును తొలగించడానికి అవసరమని చూస్తున్న వైద్యుడు ధ్రువీకరిస్తే తప్ప.

ఆరో నంబరు తలుపు తెరిచి మనిషిని లోపలికి తీసుకుంటుంది, ఎనిమిదో నంబరు వైద్యం సగంలో ఉండగా బయటికి పంపిస్తుంది. అయితే ఆ చివరి వాక్యంలో సందుంది. షుగరున్న మనిషికి మడతలో పదే పదే పుండుపడి చీము పట్టడం ఆరోగ్యానికి ముప్పు కాదని ఏ వైద్యుడూ అనలేడు. 'తక్షణం' అన్న మాట దగ్గరే పేచీ వస్తుంది. ఆరోగ్యశ్రీ చికిత్సల జాబితాలో కాలిన గాయాల తర్వాత బిగుసుకుపోయిన కీళ్ళకు చేసే ఆపరేషన్లు ఉన్నాయి. అవయవం పని తీరు మెరుగుపడటానికి అని వాటి పేరులోనే రాసి ఉంది. చర్మం వల్ల చెయ్యి ఆడకపోతే అది అందం సమస్య కాదని మన ప్రభుత్వ పథకం ఏనాడో ఒప్పుకున్నట్టే కదా. బిగుసుకున్న చర్మానికి వర్తించిన న్యాయం వేలాడే చర్మానికి ఎందుకు వర్తించకూడదు?

ఈ పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఈలోగా చేయగలిగింది కొంత ఉంది. పుండు పడిన ప్రతిసారీ చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళి చీటీ రాయించుకోవాలి, తేదీలతో దాచుకోవాలి. మందుల షాపులో కొనుక్కున్న క్రీము ఏ రికార్డులోనూ ఉండదు. మడత ఎత్తి, దించి, రెండు రకాలుగా ఫోటోలు తీయించి ఫైల్లో పెట్టించాలి. నెలనెలా బరువు ఆస్పత్రి కాగితం మీద నమోదు కావాలి. ప్లాస్టిక్ సర్జన్ సర్టిఫికెట్‌లో 'వదులు చర్మం' అని వదిలేయకుండా, ఏ వ్యాధి, ఎన్నిసార్లు, ఏ మందులు పనిచేయలేదు, ఏ పనులు ఆగిపోయాయి అన్నవి రాయించాలి. ఆపరేషన్‌కు ముందే అనుమతి అడగాలి. కాదంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోవాలి. కంపెనీ ఫిర్యాదుల విభాగం కూడా తిరస్కరిస్తే, లేదా నెలలోగా జవాబివ్వకపోతే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్ళవచ్చు. తెలుగు రాష్ట్రాలు రెండూ దాని పరిధిలోవే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఈ చర్చ మన దగ్గర ఇప్పుడే జరగడానికి ఇంకో కారణం ఉంది. బరువు తగ్గించే మందులు మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. మౌంజారోలోని టిర్జెపటైడ్ ఎక్కువ మోతాదు వాడినవాళ్ళు ప్రధాన ప్రయోగంలో 72 వారాల్లో సగటున 20.9 శాతం బరువు తగ్గారు. వెగోవీలోని సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో అది 14.9 శాతం. నూట పది కిలోల మనిషి కత్తి తగలకుండానే ఇరవై కిలోలకు పైగా దిగవచ్చన్నమాట. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకోసం మాత్రమే నిబంధన రాస్తే వీళ్ళు దానికి బయటే ఉంటారు. బ్రెజిల్ తీర్పులోనూ ఈ లోటు ఉంది, అది ఆపరేషన్ తర్వాతివాళ్ళ గురించే మాట్లాడింది. ఐఆర్‌డీఏఐ ఎనిమిదో నంబరులో ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ అన్న మూడు మాటల పక్కన 'భారీగా బరువు తగ్గడం' అన్న నాలుగో మాట చేరిస్తే ఆ రెండు రకాలవాళ్ళూ లోపలికి వస్తారు. దాని కింద పెట్టాల్సిన షరతులు మనం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 3 నెలల వైద్యానికి లొంగని చర్మవ్యాధి, రోజువారీ పనులకు ఆటంకం, 6 నెలల నిలకడ బరువు అన్న మూడింటినీ ఆస్ట్రేలియా 2016 నుంచి వాడుతోంది. అనుమానం వస్తే కంపెనీ ఖర్చుతో వైద్యుల బోర్డు అన్న నాలుగోది బ్రెజిల్ నుంచి తెచ్చుకుంటే సరిపోతుంది.